ఆర్‌ఓ మిషను బాగుంది, టీడీఎస్ మీటరును మాత్రం నమ్మొద్దు

మాది కడప జిల్లా వేముల మండలం. తుమ్మలపల్లె యురేనియం గనికి దగ్గర్లోనే మా అరటి తోట, ఇల్లు. పోయిన ఉగాదికి ముందు 14,500 పెట్టి ఆర్‌ఓ మిషను తెచ్చుకున్నాం. కంపెనీ పేరు రాయను, ఇక్కడ చెప్పేది ఏ ఆర్‌ఓ మిషనుకైనా వర్తిస్తుంది.

ముందు మంచి చెప్తా. బోరు నీళ్లు కాస్తే గిన్నె అంచున తెల్లగా సున్నం కట్టేది, కందిపప్పు ఎంతసేపటికీ ఉడికేది కాదు. ఇప్పుడు మూడు విజిల్స్‌కు మెత్తగా మెదుగుతోంది. మా అత్తమ్మ మొదటి వారం "ఈ నీళ్లు సప్పగా ఉండాయి" అనింది. ఇప్పుడు చుట్టాలింటికి పోయినా సీసాలో ఇవే పట్టుకుపోతుంది.

బిగించడానికొచ్చిన పిల్లోడు పెన్నులాంటి టీడీఎస్ మీటరు తీసి బోరు నీళ్లలో ముంచితే 1,140 చూపించింది. మిషను నీళ్లలో 85. "చూడక్కా, ఇంక యురేనియం లేదు ఏమీ లేదు" అన్నాడు. నమ్మేశాను. ఇంటర్ చదివే మా పాప పది రోజుల తర్వాత అడిగింది, "అమ్మా, అది కొలిచేది ఉప్పులనే కదా?" అని.

నిజమే. నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి, కరిగిన లవణాలన్నీ కలిపి లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని ఆ మీటరు అంచనా చెప్తుంది. యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు, అంటే 0.03 మిల్లీగ్రాము. వందల్లో ఉండే అంకెలో అది ఎట్లా కనబడుతుంది? రంగు, వాసన, రుచి ఏవీ ఉండవు. కాచినా పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మిషనులో ఉండే యూవీ దీపం క్రిములనే చంపుతుంది. నీళ్లను వడగట్టే ఆర్‌ఓ పొర మాత్రం యురేనియాన్ని బాగా ఆపుతుంది.

అందుకే బోరు నీళ్లు ఒక సీసా, మిషను నీళ్లు ఒక సీసా ల్యాబుకు పంపించాం. మిషను నీళ్లలో చాలా తక్కువ వచ్చింది, అప్పుడు మనసు కుదుటపడింది. మా అంకెలు రాయను. పక్క చేనుకు పోతేనే నీళ్లు మారిపోతాయి, మీ బోరుకు మీరే పరీక్ష చేయించుకోవాలి.

ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి. ఒక బిందె మంచినీళ్లకు మా మిషను రెండు బిందెలు బయటికి వదుల్తుంది. పొర ఆపిందంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. తెలియక నెల రోజులు వాటినే ఎనుములకు తాపాను. తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

యురేనియంతో తీసే కరెంటు వద్దనే మనిషిని కాను. 2047కల్లా 100 గిగావాట్ల అణు విద్యుత్ కావాలని కేంద్రం లెక్క పెట్టుకుంది, ఇప్పుడున్నది 9 కూడా లేదు. గనులు పెరగక తప్పదు. తుమ్మలపల్లెలో రోజుకు 3,000 టన్నుల రాయి ఆడించే మిల్లును 4,500కు పెంచే ఆలోచన ఎప్పటినుంచో ఉంది. మా రాయిలో యురేనియం బాగా తక్కువ, టన్నుకు అర కిలో కూడా రాదు. సోడా కలిపి ఒత్తిడి మీద ఉడికించి దాన్ని తీశాక, మిగతా రాయంతా బురదై మిల్లు వ్యర్థాల చెరువులోకి పోవాల్సిందే. మా నేలలో సహజంగానే యురేనియం ఉంది, అందుకే గని వచ్చింది. ఏది రాతిలోంచి వచ్చిందో, ఏది చెరువులోంచి దిగిందో రేపు తేల్చాలంటే తవ్వకముందు లెక్క చేతిలో ఉండాలి. కొత్త గని ఎక్కడ తవ్వినా ముందు చుట్టుపక్కల ప్రతి బోరూ ల్యాబులో పరీక్షించి, ఆ అంకె పంచాయతీ గోడ మీద రాయాలి. ఏటా పక్కనే కొత్త అంకె రాయాలి. మిషను కొనుక్కోలేని ఇళ్లు మా వీధిలోనే ఎన్నో ఉన్నాయి.

మిషనుకు 5లో 4 ఇస్తా. పొర ఏడాదికోసారి మార్చాలట, 2,800 వేరే. వదిలిన నీళ్ల బకెట్టుకు ఎర్ర రంగు పూశాం, అత్తమ్మ పొరపాటున తొట్లో పోయకుండా. ఆ నీళ్లు ఇప్పుడు మరుగుదొడ్డికే.