కడప ఎండలో స్ట్రోలర్: ఏ సామాను పనికొస్తుంది, ఏది దండగ

ఆన్‌లైన్‌లో ఒక స్ట్రోలర్, అదే బిడ్డను కూర్చోబెట్టి తోసుకెళ్ళే బండి, చూస్తే చాలు, దాని కింద కప్ హోల్డర్, ఫోన్ స్టాండ్, గొడుగు, బొమ్మల తోరణం, చలికి కాళ్ళకు తొడిగే సంచి అంటూ బారెడు లిస్టు వచ్చేస్తుంది. ఆ కాళ్ళ సంచి కడపలో ఎవరికి కావాలో నాకైతే అర్థం కాలేదు. మా పాప చలికాలంలో పుట్టింది, బయట తిప్పే వయసొచ్చేసరికి ఎండలు ముదిరిపోయాయి, అందుకే ఏ వస్తువు చూసినా నేను అడిగింది ఒక్కటే: దీనివల్ల బిడ్డకు గాలి ఆడుతుందా, ఆగిపోతుందా? ఈ రివ్యూ అంతా ఆ లెక్కలోనే.

అన్నిటికంటే ఎక్కువ వాడింది క్లిప్ ఫ్యాన్. కాళ్ళు ఎటు పడితే అటు వంగే రకం కొన్నాను, స్ట్రోలర్ రాడ్‌కి చుట్టేస్తే కదలదు. కొనేముందు రెక్కల మీదున్న జాలీ చూడండి, మీ చిటికెన వేలు అందులో దూరేట్టుంటే వద్దు, పిల్లల వేళ్ళు ఇంకా సన్నం. డబ్బా మీద ఇన్ని గంటలు వస్తుందని రాసేది తక్కువ స్పీడ్ లెక్క, ఫుల్‌లో పెడితే చాలా ముందే ఆగిపోతుంది, కాబట్టి పవర్ బ్యాంక్‌తో కూడా నడిచేదైతే మంచిది. పాప చెయ్యి చాపినా అందనంత దూరంలో బిగించండి.

కానీ ఫ్యాన్ ఒక్కటే పెట్టి ఎండలో తిప్పితే లాభం లేదు, ఉన్న వేడి గాలినే బిడ్డ మీదికి తోస్తుంది. దానికి తోడు మనకో అలవాటు ఉంది, ఎండ పడకూడదని చున్నీయో తువ్వాలో స్ట్రోలర్ మీద నిండా కప్పేస్తాం. మా అత్త ఇప్పటికీ "బిడ్డకు ఎండ తగుల్తాంది మా, ఆ తువ్వాలు కప్పు" అని పోరుతూనే ఉంటుంది. పొడి బట్ట కప్పితే నీడ వస్తుంది నిజమే, గాలి మాత్రం ఆగిపోయి లోపల ఉడికిపోతుంది. సిడ్నీ యూనివర్సిటీ పరిశోధకులు 2023లో దీన్ని కొలిచి చెప్పారు: పల్చటి పొడి బట్ట కప్పితే స్ట్రోలర్ లోపల వేడి రెండున్నర డిగ్రీలకు పైగా పెరిగింది, అదే బట్టను తడిపి కప్పి చిన్న ఫ్యాన్ పెడితే దాదాపు 5 డిగ్రీలు తగ్గింది. మన పెద్దవాళ్ళు కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లే పద్ధతే కదా ఇది. ఈ మాట చెప్పాక మా అత్త తువ్వాలు మానలేదు గానీ తడిపి పిండి ఇవ్వడం మొదలుపెట్టింది, అది చాలు. తువ్వాలు కంటే పల్చటి నూలు బట్ట ఇంకా మేలు. పావుగంట, ఇరవై నిమిషాలకోసారి మళ్ళీ తడపాలి, అందుకని మంగలి షాపుల్లో ఉండే రకం స్ప్రే బాటిల్ ఒకటి కింది బుట్టలో పడేశాను. ఈ మొత్తం సామానులో అన్నిటికంటే చవక అదే, నన్నడిగితే అన్నిటికంటే పనికొచ్చేదీ అదే. రెండు జాగ్రత్తలు మాత్రం మరవద్దు, ముందువైపు మూయకూడదు, పాప ముఖం మీకు కనిపిస్తూ ఉండాలి. మన దగ్గర ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఈ ఉపాయం బాగా పారుతుంది, నెల్లూరు వైపు ఉక్కపోతలో ఇంత చల్లబడదు. ఎంత సామాను తగిలించినా 42 డిగ్రీల ఎండ ఎండే, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట పాపను బయటికి తీసే పనే పెట్టుకోను.

క్లిప్ గొడుగు దండగ. ఎండ తిరిగినప్పుడల్లా దాన్ని తిప్పుకుంటూ ఉండాలి, ఒక్క గాలి విసురుకి తలకిందులవుతుంది. ఆ డబ్బేదో స్ట్రోలర్ కొనేటప్పుడే కలిపి, టాప్ బాగా కిందికి దిగేది, వెనక జాలీ కిటికీ ఉన్నది తీసుకోండి.

దోమతెర తప్పనిసరి. మనం బయటికి వెళ్ళేదే పొద్దున్నే లేకపోతే సాయంత్రం, డెంగీ దోమ ఎక్కువగా కుట్టేదీ ఆ వేళల్లోనే. చుట్టూ ఎలాస్టిక్ ఉండి మధ్యలో జిప్పు ఉన్నది చూడండి, జిప్పు లేకపోతే పాలసీసా అందించాలన్నా మొత్తం ఊడదీయాలి. నల్ల జాలీ అయితే లోపల పాప స్పష్టంగా కనిపిస్తుంది, తెల్లదాని మీద వెలుతురు పడితే మెరిసి ఏమీ కనపడదు. ఈ ముక్క ఏ షాపువాడూ చెప్పడు.

ఇప్పుడు అందరూ ఎగబడి కొనే హ్యాండిల్ సంచి, హుక్కులు. చూడటానికి భలే ఉంటాయి, డైపర్లు, వైప్స్, ఫోను అన్నీ చేతికందుతాయి. చిక్కు ఎక్కడంటే బరువంతా వెనక్కి చేరుతుంది, పాప కూర్చున్నంతసేపూ తెలీదు, పాపను ఎత్తుకోగానే బండి వెనక్కి పడుతుంది. ఒంటిమిట్ట కోదండరామాలయం దగ్గర ఒకరి బండి ఇట్లాగే పడింది, హ్యాండిల్‌కి రెండు పెద్ద నీళ్ళ బాటిళ్ళు, కొబ్బరికాయల సంచి, ఇంకేం కావాలి. అదృష్టం, బిడ్డ అప్పటికే తాత చంకలో ఉంది. సంచిలో డైపర్లు, ఒక జత బట్టలు, అంతవరకే. బరువున్నది ఏదైనా కింది బుట్టలోకి పోవాలి. వైవీ స్ట్రీట్‌లో షాపింగ్‌కి మాత్రం స్ట్రోలరే వద్దంటాను, పండగ రోజుల్లో అయితే మనిషి నడవడానికే సందు ఉండదు, అక్కడ పాపను ఎత్తుకోవడమే సుఖం.

కప్ హోల్డర్‌లో నీళ్ళ బాటిల్ పెట్టుకోండి, టీ పెట్టకండి. కారం దోశ తిన్నాక టీ పడాల్సిందే, కాదనను, కానీ కూర్చుని తాగండి, బండి కుదిపితే వేడి టీ ఒలికేది బిడ్డ మీదే.

సీటు మీద వేసే ఫోమ్ పరుపు మన వేడికి వీపంతా చెమట పట్టిస్తుంది. దాని బదులు పాత నూలు చీర ముక్క రెండు మడతలు వేసి పరిస్తే హాయిగా ఉంటుంది, ఉతకడమూ తేలిక. ఏది వేసినా బెల్టులు దాని పైనుంచి సరిగ్గా బిగుసుకోవాలి, మందంగా ఉంటే బెల్టు వదులైపోతుంది.

స్ట్రోలర్ హ్యాండిల్‌నీ మన చేతినీ కలిపి కట్టుకునే పట్టీ మీద నవ్వేవాళ్ళున్నారు. నవ్వనీండి. మన వీధుల్లో ఇళ్ళ ముందు బైకులు ఎక్కించే ర్యాంపులు, కాలవ మీద పరిచిన కడప బండలు, వాటి సందుల్లో చిన్న చక్రం ఇరుక్కుందంటే బండి ముందుకు తూలుతుంది, చెయ్యి జారినప్పుడు ఆ పట్టీయే ఆపుతుంది. రూపాయల్లో పెద్ద ఖర్చు కాదు, ఆగిన చోట బ్రేక్ వేయడం మాత్రం పట్టీ ఉన్నా తప్పదు. రెయిన్ కవర్ కూడా ఒకటి మడిచి ఉంచుకోవచ్చు, అక్టోబరు, నవంబరు వానలకు పనికొస్తుంది, పక్కల గాలి రంధ్రాలున్నది తీసుకుని వాన తగ్గగానే తీసేయండి, ఎండ వచ్చాక ప్లాస్టిక్ కింద క్షణాల్లో ఉక్క పట్టేస్తుంది.

ఎక్కడ కొనాలంటే, క్లిప్‌తో బిగించేవి ఊళ్ళో షాపులోనే, స్ట్రోలర్‌ని వెంట తీసుకెళ్ళి బిగించి చూసి కొనండి. ఒక్కో బండికి రాడ్ లావు ఒక్కో రకం, ఆన్‌లైన్‌లో "అన్నిటికీ సరిపోతుంది" అని రాసింది మా బండికి పట్టలేదు, వెనక్కి పంపి డబ్బులు రాబట్టుకోవడానికి పెద్ద తలనొప్పి అయింది. దోమతెర, స్ప్రే బాటిల్ ఎక్కడైనా ఒకటే. నేను మళ్ళీ కొనాల్సింది కూడా దోమతెరే, ఉన్నదాన్ని పాప ఒక మూల నమిలేసింది.