పశువుల పేగుల్లోని చెడు బ్యాక్టీరియాకి ప్రొబయాటిక్సా, యాంటీబయాటిక్సా, టీకానా: ఏది మేలు?

ఈ ప్రశ్నకి ముందు ఇంకో ప్రశ్న ఉంది: పశువు వయసెంత? పాలు తాగే దూడకి ఒక జవాబు, నెమరు వేసే పెద్ద పశువుకి వేరే జవాబు. ప్రొబయాటిక్ (అంటే పేగుకి మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా) అమ్మేవాళ్లు రెండిటినీ ఒకే గాటన కట్టేస్తారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

దూడ సంగతి చూద్దాం. పుట్టిన మూడు నాలుగు రోజుల్లోనే నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయంటే ముందు అనుమానించాల్సింది కే99 అనే రకం ఈ.కోలై బ్యాక్టీరియాని. అది పేగు గోడకి అతుక్కుని విషం వదులుతుంది, దాంతో ఒంట్లో నీరంతా పేగులోకి వచ్చి బయటికి పోతుంది, కళ్లు లోపలికి పోయి దూడ చతికిలబడుతుంది. వారం దాటాక వచ్చే పారుడుకి ఎక్కువగా రోటావైరస్, కరోనావైరస్, క్రిప్టోస్పోరిడియం (క్రిప్టో) అనే కంటికి కనబడని పరాన్నజీవి కారణం. వైరస్‌ల మీద ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు, క్రిప్టో మీద మామూలుగా వాడే యాంటీబయాటిక్సూ పనిచేయవు. అయినా పారుడు కనబడగానే చాలామంది చెయ్యి ముందు వెళ్లేది యాంటీబయాటిక్ దగ్గరికే. జ్వరం ఉండి, పాలు మానేసి, విరేచనంలో రక్తం పడుతుంటే డాక్టర్ చూసి యాంటీబయాటిక్ ఇవ్వాల్సిందే, అక్కడ ప్రొబయాటిక్‌ని పోటీకి కూడా తేవద్దు. హుషారుగా ఉండి, పాలు తాగుతూ, కాస్త పలచగా వేస్తున్న దూడకి మాత్రం పాలు ఆపకుండా ఎలక్ట్రోలైట్ నీళ్లు పట్టిస్తే చాలాసార్లు సరిపోతుంది.

మరి ప్రొబయాటిక్ ఎక్కడ పనికొస్తుంది? జబ్బు రాకముందు. అప్పుడే పుట్టిన దూడ పేగు ఖాళీ బస్సు లాంటిది, కిటికీలోంచి ముందు తువ్వాలు వేసినవాడిదే సీటు. లాక్టోబాసిల్లస్ లాంటి మంచి బ్యాక్టీరియా ముందు చేరితే చెడ్డవాటికి అతుక్కునే చోటూ తిండీ తగ్గుతాయి, పైగా ఇవి వదిలే లాక్టిక్ ఆమ్లం వాటికి పడదు. ఈ ఆలోచనకి పేరు తెచ్చింది పశువులు కాదు, కోడిపిల్లలు: 1973లో ఫిన్లాండ్‌కి చెందిన నుర్మి, రంటాలా పెద్ద కోళ్ల పేగుల్లోని సరుకుని పిల్లలకి పట్టించి సాల్మొనెల్లా అనే చెడ్డ బ్యాక్టీరియా అంటకుండా ఆపగలిగారు. దూడల్లో ఫలితాలు అంత నిక్కచ్చిగా లేవు, కొన్ని చోట్ల పారుడు తగ్గింది, కొన్ని చోట్ల తేడా ఏమీ రాలేదు.

దూడకి ఇంకో సౌకర్యం ఉంది. పాలు చీకేటప్పుడు గొంతు గొట్టం చివర ఒక మడత గొట్టంలా మూసుకుంటుంది, పాలు పెద్ద పొట్టలో పడకుండా నేరుగా నాలుగో పొట్టకి వెళ్తాయి. కాబట్టి పాలల్లో కలిపిన ప్రొబయాటిక్‌కి దారి దగ్గర. నేను ఒకసారి చూశాను, పొగలు కక్కుతున్న పాల బకెట్‌లో పొడి గుమ్మరించి కర్రతో కలుపుతున్నారు. ఆ వేడికి అందులోని లాక్టోబాసిల్లస్ చాలావరకు చచ్చే ఉంటుంది, దూడ తాగింది పాలే! దూడ ఒంటి వేడికి, అంటే 39 డిగ్రీలకి, పాలు దిగాక కలపాలి. అదే బకెట్‌లో యాంటీబయాటిక్ కూడా కలిపేవాళ్లున్నారు, అది ఒక చేత్తో నాటి ఇంకో చేత్తో పీకడమే.

అయితే దూడ విషయంలో నా ఓటు ప్రొబయాటిక్‌కి కాదు, ముర్రుపాలకి. తల్లి కడుపులో ఉండగా దూడకి యాంటీబాడీలు అందవు, పుట్టాక ముర్రుపాల నుంచే రావాలి, అదీ ఒక రోజులోపే, ఆ తర్వాత పేగు వాటిని లోపలికి రానివ్వదు. 30 కిలోల దూడకి మొదటి కొన్ని గంటల్లోనే మూడు లీటర్ల దాకా పట్టాలి. చూడి పశువుకి ఈనడానికి ముందే కే99, రోటా టీకా వేయిస్తే ఆ రక్షణ కూడా ముర్రుపాలతోనే దిగుతుంది. ఇది చేయకుండా డబ్బా ప్రొబయాటిక్ కొనడం నాకైతే అర్థం కాదు.

పెద్ద పశువుల్లో కథే వేరు. ఇక్కడ అందరూ వెంటపడేది ఈ.కోలై ఓ157 అనే రకాన్ని. 1982లో అమెరికాలో గొడ్డుమాంసం హాంబర్గర్లు తిన్నవాళ్లకి రక్త విరేచనాలు వచ్చినప్పుడు ఇది బయటపడింది. మనుషుల్లో చిన్నపిల్లల కిడ్నీలు పాడుచేయగలదు, కానీ పశువుకి మాత్రం ఏమీ కాదు, పెద్దపేగు చివర మలద్వారం దగ్గర హాయిగా కూర్చుని పేడతో బయటికొస్తుంటుంది.

దీని మీద బాగా పరీక్షకి నిలిచింది లాక్టోబాసిల్లస్ అసిడోఫిలస్‌లో ఎన్‌పీ51 అనే రకం. 2003లో అచ్చయిన అమెరికా పరిశోధనలో దాణాలో కలిపి పెడితే ఓ157ని విసర్జించే పశువులు దాదాపు సగానికి తగ్గాయి. మామూలు మోతాదు రోజుకి 100 కోట్ల బ్యాక్టీరియా. వినడానికి చాలా ఎక్కువే, కానీ పెద్ద పొట్టలోని ద్రవం ఒక్క మిల్లీలీటర్‌లోనే 1000 కోట్ల పైన ఉంటాయి. సముద్రంలో కాకిరెట్టంత! అందుకే ఇది అక్కడ స్థిరపడిపోతుందని ఆశపడకుండా రోజూ పెడుతూనే ఉండాలి.

నిజం చెప్పాలంటే నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ దీన్ని ఇంతకంటే గట్టిగా తగ్గిస్తుంది. కానీ జబ్బే లేని మందకంతా దాన్ని పెడితే మందుకి లొంగని బ్యాక్టీరియాని మనమే పెంచినట్టు, కాబట్టి నేను దాన్ని లెక్కలోకే తీసుకోను. పశువులకి వేసే ఓ157 టీకాకి 2008లో కెనడా అనుమతి ఇచ్చింది, పనీ చేసింది. కానీ రెండు మూడు డోసులు, ప్రతిసారీ ప్రతి పశువునీ పట్టి కట్టి పొడవాలి, చివరికి పశువు పాలూ పెరగవు, బరువూ పెరగదు. రైతులు పెద్దగా కొనలేదు, తప్పు పట్టలేం. దాణాలో కలిపే పొడికి ఆ తంటా లేదు, ఈ ఒక్క పోటీలో ప్రొబయాటిక్‌కే నా మార్కులు.

కొనేవాళ్లు డబ్బా మీద చూడాల్సింది 'లాక్టోబాసిల్లస్' అన్న ఇంటిపేరు కాదు, ఏ రకమో తెలిపే ఆ చివరి అక్షరాలూ అంకెలూ, గడువు తేదీ నాటికి గ్రాముకి ఎన్ని బతికుంటాయన్న లెక్క. గుళికల దాణాలో కలిసి వచ్చేదైతే బాసిల్లస్ జాతివి అడగండి, అవి గింజల్లాంటి స్పోర్ల రూపంలో ఉంటాయి కాబట్టి గుళికలు చేసే వేడిని తట్టుకుంటాయి.