పల్సర్ 150 మీద జాపర్ టైర్లు: గుండు కాకముందే ముసలివైతే?

ఎంఆర్ఎఫ్ జాపర్ గురించి మంచి మాట ముందే చెప్పేయాలి: తొందరగా అరగదు. సింగిల్ డిస్క్ పల్సర్ 150కి ముందు 80/100-17, వెనక 100/90-17 సైజు. రోజూ ఆఫీసుకు తిరిగే బండికి గాలి సరిగ్గా ఉంచితే వెనకది పాతిక వేల కిలోమీటర్లు వస్తుంది, ముందుది ఇంకా చాలా దూరం లాగుతుంది. చిక్కంతా ఆ ముందుదానితోనే. వెనక టైరు అరిగి పోతుంది, ముందుది ముసలిదై పోతుంది. గాట్లు నిండుగా కనిపిస్తుంటే మార్చాలని ఎవరికి తోస్తుంది? వెనక రెండోసారి కొత్తది వేయించినవాళ్లు కూడా ముందు మాత్రం షోరూమ్ నుంచి వచ్చిన టైరుతోనే తిరుగుతుంటారు. గట్టిగా బ్రేకు వేస్తే బండి బరువు వాలేది దాని మీదే.

మొదట టైరు వయసు చూడండి. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీత లోపల నాలుగంకెలుంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం. ఒకవైపు కనిపించకపోతే రెండోవైపు వెతకాలి. ఐదేళ్లు దాటితే ఏడాదికోసారి తప్పనిసరిగా పరీక్షించాలి. పదేళ్లు దాటితే పరీక్ష అక్కర్లేదు, తీసేయడమే. మన ఎండల్లో ముందు టైరుకి ఆరేడేళ్లే ఎక్కువని నా లెక్క. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, ఇక రబ్బరెంత!

చూసేముందు సబ్బునీళ్లతో కడగండి. సర్వీసింగ్‌లో కొట్టే నల్ల పాలిష్ కింద పగుళ్లు దాక్కుంటాయి. తర్వాత ఎండలో నిలబెట్టి, బొటనవేలితో గాటును వెడల్పు చేస్తూ అడుగున చూడాలి. పక్క భాగంలో వెంట్రుకంత సన్నటి గీతలుంటే కొన్నాళ్లు గమనించొచ్చు. గాటు అడుగున పగులు చుట్టూ పాకినా, దారం కనిపించినా, ఎక్కడైనా బుడిపె తేలినా బండి ఆపేయాల్సిందే. మూలన పడి ఉన్న బండికి ఇవి ఇంకా తొందరగా వస్తాయి. తిరిగే టైరు వంగుతూ ఉంటుంది కాబట్టి రబ్బరులోని మైనం పైకి వచ్చి కాపాడుతుంది, కదలని టైరుకి ఆ అవకాశం లేదు.

ఇప్పుడు గోటితో గట్టిగా నొక్కండి. బాగున్న రబ్బరులో గోరు కొంచెం దిగుతుంది, తీయగానే గుర్తు మాయమవుతుంది. ప్లాస్టిక్ బకెట్టు మీద నొక్కినట్టు జారిపోతే గట్టిపడిందన్నమాట. పొడి రోడ్డు మీద ఈ తేడా తెలియదు. మృగశిర తొలి జల్లులకు, రోడ్డు మీది నూనె తేలినప్పుడు తెలుస్తుంది, అప్పటికి ఆలస్యం.

వెనకది తేల్చడం సులువు. గాట్లలో అడ్డంగా ఉండే చిన్న కట్టలు, అంటే అరుగుదల తెలిపే టీడబ్ల్యూఐ గుర్తులు, పైరబ్బరుతో సమానమైతే అయిపోయినట్టే. అంతకుముందే నడిమధ్య చదునైపోయి మలుపులో బండి ఒక్కసారిగా పక్కకు పడుతున్నట్టు అనిపించినా మార్చేయడమే మేలు. ముందు టైరును అరచేత్తో నిమిరితే ఒకవైపు నుంచి నునుపుగా, ఎదురుగా రంపంలా అనిపించేలా అరిగితే మాత్రం ఫోర్కులూ బేరింగులూ చూపించాలి, లేకపోతే కొత్తదీ అలాగే అరుగుతుంది.

కొనేటప్పుడు డిస్కౌంటు చూసి మురిసిపోకుండా ఆ నాలుగంకెలు చదవండి. ఏడాది దాటిన సరుకైతే ఇంకొకటి చూపించమనండి. 46పీ, 55పీ లాంటి లోడు, వేగం గుర్తులు పాతదానికంటే తగ్గకూడదు. ట్యూబ్‌లెస్ అయితే వాల్వు కొత్తది వేయించాలి, ట్యూబున్న పాత మోడల్‌కి ట్యూబు కూడా. పాత ట్యూబు సాగి ఉంటుంది, మడతపడి అక్కడే చిరుగుతుంది. బాణం గుర్తు చక్రం తిరిగే దిక్కుకే ఉందో లేదో బిగించకముందే చూసుకోండి, దుకాణాల్లో తరచూ జరిగే పొరపాటు ఇదే. గాలి ముందు 25, వెనక ఒక్కరికి 28, ఇద్దరికి 32 పీఎస్ఐ. కొత్త రబ్బరు మీద అచ్చు నుంచి అంటిన జారుడు పూత పోయేదాకా, ఓ 150 కిలోమీటర్లు, బండిని మరీ వాల్చకండి.