ట్రంక్ బోర్డు అమ్మాయి పాడిన సీడీ

నేను బెజవాడ ట్రంక్ ఎక్స్‌ఛేంజిలో ఏళ్ల తరబడి బోర్డు మీద కూర్చున్నదాన్ని. మా అమ్మాయి ఇంగ్లండ్ నుంచి వస్తూ ఈ సీడీ తెచ్చి, "అమ్మా, ఈవిడ కూడా నీలాగే టెలిఫోన్ ఆపరేటరట" అనగానే చేతిలో చిక్కుడుకాయలు పక్కన పెట్టేశాను.

ఆవిడ పేరు కాథ్లీన్ ఫెరియర్. సీడీలో ఉన్నది ఆస్ట్రియా స్వరకర్త మాలర్ కట్టిన 'దాస్ లీడ్ ఫన్ డెర్ ఎర్డె', అంటే భూమి పాట. ఇద్దరు గాయకులు వంతులవారీగా పాడే ఆరు పాటలు. 1952 మేలో వియన్నాలో డెక్కా వాళ్లు రికార్డు చేశారు. ఆర్కెస్ట్రాని నడిపింది మాలర్ శిష్యుడు బ్రూనో వాల్టర్.

ఫెరియర్‌ని 14 ఏళ్లకే బడి మానిపించి బ్లాక్‌బర్న్ ఎక్స్‌ఛేంజిలో చేర్చారు. 1935లో ఫోనులో టైం చెప్పే గొంతు కోసం పోటీ పెడితే ఈవిడని లండన్ ఫైనల్‌కి కూడా పంపలేదు. (నవ్వాగలేదు నాకు. ఆఫీసులు ఎక్కడైనా ఆఫీసులే.) 1937లో కార్లైల్ పోటీలకి పియానోకి పేరిస్తుంటే, పాటకీ ఇవ్వగలవా అని భర్త ఒక షిల్లింగు పందెం కాశాడు. రెండింట్లోనూ ఆవిడే ఫస్టు. స్టేజీ మీద వేసిన ఒపేరా పాత్రలు మాత్రం రెండే, లుక్రీషియా, ఆర్ఫియో. మిగతా పేరంతా కచేరీలదే.

ఇక గొంతు. మంద్రంలోకి దిగితే చాలామందికి గాలి తప్ప నాదం రాదు. ఈవిడకి దిగేకొద్దీ చిక్కబడుతుంది, మరిగిన పాలలాగా. గమకాలు వెతక్కండి, ఉండవు. స్వరం మీద ఆ వణుకు మొదటి రెండు రోజులు నాకు నచ్చలేదు, తర్వాత అలవాటైంది.

ఆరో పాట, వీడ్కోలు, దాదాపు అరగంట. చివర 'ఏవిగ్', అంటే ఎప్పటికీ, అనే ఒక్క మాటే మళ్లీ మళ్లీ వస్తుంది. గ, రి. గ, రి. కింద వాద్యాలు సా పట్టుకునే ఉంటాయి, ఆవిడ మాత్రం రి దగ్గరే వదిలేస్తుంది. 1947లో ఎడిన్‌బరోలో ఈ మాట దగ్గరే ఏడుపొచ్చి పాడలేకపోయిందట. ఈ రికార్డింగు నాటికి క్యాన్సర్‌కి ఆపరేషన్ అయి ఏడాది దాటింది. 1953 ఫిబ్రవరిలో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ ఒపేరా హాల్లో ఆర్ఫియోగా పాడుతుండగా కాలి ఎముక విరిగినా నిలబడే ముగించింది. అక్టోబరులో పోయింది. 41 ఏళ్లు.

లోపాలూ ఉన్నాయి. అంతా మోనో. నాలుగో పాటలో గుర్రాలు పరుగెత్తే చోట మాటలు వాద్యాల్లో కొట్టుకుపోతాయి. రెండో గాయకుడు పాట్సాక్, టెనర్ (అంటే పై స్థాయి మగగొంతు), బాగా పాడాడు గానీ నేను ఆయన పాటలు దాటేస్తుంటాను. అమ్మాయి కొన్న సెకండ్ హ్యాండ్ షాపువాడు సాహిత్యం ఉన్న పుస్తకం లేకుండానే అంటగట్టాడు, కొనేముందు పెట్టె తెరిచి చూసుకోండి.

రోజూ సాయంత్రం ఆరో పాట ఒక్కటీ వేస్తాను. పాట ఆగగానే పక్కగదిలోంచి మా ఆయన, ఉండబట్టలేక, ఆ సా ఏదో తనే పాడేస్తారు.