మొనాటనస్, యూనిఫాం, హోమోజీనియస్: ఏది మేలు?

ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాళ్లను ఏడాది పొడుగునా వదలని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. 'అంతా ఒకేలా ఉంది' అనడానికి ఏ మాట వాడాలన్నది వాటిలో ఒకటి. నిఘంటువు తెరిస్తే మొనాటనస్‌కూ యూనిఫాంకూ హోమోజీనియస్‌కూ కాస్త అటూ ఇటూగా 'ఏకరీతి' అనే అర్థమే కనిపిస్తుంది. అర్థాలే అచ్చుగుద్దినట్లు ఉంటే చదివేవాడు ఏ మాటను ఏరుకోవాలి?

హైదరాబాద్ శివార్లలోని ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడు ఈమధ్య తన రిపోర్టు దిద్దమని పంపాడు. మాత్రల బరువు 'మొనాటనస్'గా ఉందని రాశాడు అందులో. ఫోను చేసి అడిగితే, "ఏకరీతిగా ఉందనే కదండీ అర్థం?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, తప్పు అతనిది కాదు. ఒక మాత్రలో మందు ఎక్కువై, పక్క మాత్రలో తక్కువైతే మింగేవాడికి ముప్పు. కాబట్టి అన్నీ ఒకేలా ఉండటం ఆ ఫ్యాక్టరీ గొప్పగా చెప్పుకోవలసిన విషయం. ఇతను అక్కడ విసుగు ప్రకటించి కూర్చున్నాడు.

నా లెక్కలో తేల్చుకోవలసింది ఒక్కటే: మార్పు లేకపోవడాన్ని భరిస్తున్న మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటేనే మొనాటనస్. మిగతా తేడాలన్నీ దీని తరువాతే.

గ్రీకులో మోనోస్ అంటే ఒకటి, టోనోస్ అంటే స్వరం. స్వరం ఎత్తకుండా, దించకుండా గంటసేపు చదివే ఉపన్యాసాన్ని తలచుకుంటే మాట వెంటనే అర్థమవుతుంది. అందులో కాలం ఉంది, కూర్చుని వినే మనిషి ఉన్నాడు, అతని ఆవలింత ఉంది. గోడ రంగు అంతటా ఒకేలా ఉంటే అది ఒక్క చూపులో తెలిసిపోతుంది, ఎవరికీ కష్టం లేదు. అదే గోడకు ఎదురుగా ఎనిమిది గంటలు కూర్చోబెడితే అప్పుడు మొనాటనస్ అనవచ్చు. 'పాడిందే పాటరా పాచిపళ్ల దాసరీ' అన్న సామెతలో ఉన్న చిరాకంతా ఈ ఒక్క మాటలో ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా నేనే చెబుతాను. కచేరీ మొదలైన దగ్గర నుంచి ముగిసేదాకా తంబూర పలికేది అదే షడ్జం, అదే పంచమం. ఒకే స్వరం అన్న మాటకు అంతకంటే దగ్గరగా వచ్చేది ఏముంది? అయినా దాన్ని మొనాటనస్ అనం. దాని మీద నడిచే పాటలోనే మార్పు కోసం చూస్తాం, తంబూరను అలాగే ఉండమంటాం. మార్పు ఆశించిన చోట అది దక్కకపోతేనే ఆ మాట పుడుతుంది.

యూనిఫాంకు ఈ గొడవ లేదు. లాటిన్ మాట: ఒకే రూపం. పొగడదు, తిట్టదు, ఉన్నది చెబుతుంది. బడిపిల్లల దుస్తులకు ఆ పేరు వచ్చింది కూడా ఇందుకే. ఆ కుర్రాడి ఫ్యాక్టరీలోనూ పరీక్ష పేరు 'కంటెంట్ యూనిఫార్మిటీ'. ముందు పది మాత్రలు తీసి ఒక్కొక్కదానిలో మందు ఎంత ఉందో విడివిడిగా కొలుస్తారు. పదింటి సగటు సరిపోతే చాలదు, ఏ మాత్రకు ఆ మాత్ర సరిపోవాలి. యూనిఫాం అన్న మాట అడిగేది సరిగ్గా అదే.

తెలుగు పత్రికలు మాత్రం ఒక చోట ఈ మాటను చిత్రంగా మార్చాయి. రాజ్యాంగం 44వ అధికరణంలోని యూనిఫాం సివిల్ కోడ్‌ను 'ఉమ్మడి పౌర స్మృతి' అంటున్నాం. ఉమ్మడి అంటే కలిసి అనుభవించేది: ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి కుటుంబం. యూనిఫాంలో ఆ కలిసి ఉండటం లేదు, అందరికీ ఒకే కొలత అన్నదే ఉంది. ఉమ్మడి అన్న మాట వినడానికి హాయిగా ఉంటుంది, కాదనను. కానీ దాన్ని చూసి తిరిగి ఇంగ్లీషులో రాసేవాళ్లు కామన్ అని రాస్తున్నారు, అది నా దగ్గరికి దిద్దుబాటుకు వస్తోంది.

ఇక హోమోజీనియస్. యూనిఫాం అంటే వరుసలో నిలబెట్టి చూడటం, హోమోజీనియస్ అంటే లోపల కలిపి చూడటం. నీళ్లలో ఉప్పు కరిగిపోతే ఏ చుక్క తీసినా అదే ఉప్పదనం. మన పాఠ్యపుస్తకాలు దీన్ని సజాతీయ మిశ్రమం అన్నాయి. ఆ అనువాదం నాకు భలే ఇష్టం. గ్రీకు హోమోస్, సంస్కృత సమ, ఇంగ్లీషు సేమ్ ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులు; జెనోస్‌కు మన జన, జాతి చుట్టాలు. వంటింట్లో చూడాలంటే పాల ప్యాకెట్ మీద హోమోజినైజ్డ్ అన్న మాట వెతకండి. కొవ్వు బొట్లను చిన్నవిగా చిదిమి పాలంతటా పరిచేస్తారు, అందుకే మీగడ పైకి తేలి దళసరిగా కట్టదు. మా అమ్మ ఆ పాలను కాచి, చల్లార్చి, గరిటెతో పైన తడిమి, ఏమీ తగలక ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసేది.

హోమోజీనియస్‌లో అక్షరం తగ్గించి హొమాజినస్ అనేవాళ్లు కూడా ఉన్నారు. అది ఒకప్పుడు జీవశాస్త్రంలో వేరే అర్థంతో వాడిన మాట, ఒకే పూర్వీకుల నుంచి వచ్చిన పోలిక అని. ఇప్పుడు నిఘంటువులు రెండో రూపాన్నీ ఒప్పుకుంటున్నాయి. నేను మాత్రం కనబడితే దిద్దుతాను. అన్నట్టు, మందుల ఫ్యాక్టరీలలో పొడి కలిపే దశను కూడా 'బ్లెండ్ యూనిఫార్మిటీ' అనే అంటారు. నా వరుస, కలపడం సూత్రానికి అక్కడ చిల్లు పడింది. వాళ్ల వాడుకే చెల్లుతుంది.

మోనోలిథిక్ సంగతి వేరు. మాటకు మాట పెడితే ఏకశిల. ఓరుగల్లును ఏకశిలానగరం అని పిలుచుకుంటాం, లేపాక్షి బసవన్న ఒకే రాతిలో మలచినదని పిల్లలకు చూపిస్తాం. హుస్సేన్ సాగర్ బుద్ధుడూ ఒకే రాయి: 1990లో తరలిస్తుండగా నీట మునిగి, 1992లో పైకి లేచి నిలబడ్డాడు. మనకు ఇది మురిపెం. ఇంగ్లీషులో ఒక పార్టీనో సంస్థనో అదే మాటతో పిలిస్తే లోపల వేరే గొంతుకు చోటు లేదని ఎత్తిపొడవడం. మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు పాత ప్రోగ్రామ్‌ను మోనోలిత్ అన్నప్పుడు వాళ్ల ముఖాలు చూడండి. రాతి గురించి కాకపోతే ఈ మాటకు దూరంగా ఉండండి.

మిగిలినవి చిన్నవి. ఐడెంటికల్ అంటే పక్కపక్కన పెట్టినా తేడా తెలియనివి, కవలలకు చక్కగా సరిపోతుంది. బ్లాండ్ చప్పిడి తిండికి, డ్రాబ్ వెలిసినట్లుండే రంగుకు. హమ్‌డ్రమ్ బతుకు గురించి, అదీ ఉత్తరాల్లో. కన్‌సిస్టెంట్‌ను మనుషులకు దాచుకోండి. ఏ పిచ్ మీదైనా పరుగులు తీసే బ్యాటర్‌ను అలా అంటే మెచ్చుకోలే. ఏది వాడాలో తోచనప్పుడు యూనిఫాం అని రాసేయండి, మహా అయితే పొడిగా ఉంటుంది.

కుర్రాడి రిపోర్టులోనూ అదే రాసి పంపాను. "మరి మా నైట్ షిఫ్టును ఏమనాలండీ?" అని జవాబు పెట్టాడు. యంత్రం నుంచి రాలే మాత్రలను రాత్రి పది నుంచి తెల్లవారు ఆరు దాకా చూస్తూ కూర్చోవడమట అతని పని.

"నువ్వు ముందు రాసిన మాటే," అన్నాను.