పదేళ్లకు పైగా 7-జిప్ వాడాక నా మాట

ఒకసారి జిప్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి, లోపలున్న వర్డ్ ఫైల్‌ను అక్కడే తెరిచి, మధ్యాహ్నమంతా కూర్చుని దిద్దాను. మధ్యమధ్యలో సేవ్ కూడా చేస్తూనే ఉన్నాను. మర్నాడు అదే జిప్ తెరిస్తే పాత ఫైలే కనిపించింది. నేను దిద్దినదంతా ఏదో టెంపరరీ ఫోల్డర్‌లోకి వెళ్లింది, ఆ ఫోల్డర్‌ను సాఫ్ట్‌వేర్ తర్వాత ఖాళీ చేసేసింది. ఇరవై రెండు పేజీల పని పోయింది. అప్పుడు వాడుతున్నది జిప్ ఫైళ్లను కట్టే, విప్పే సాఫ్ట్‌వేర్ 7-జిప్ కాదు, అలాంటిదే వేరేది.

ఆ రోజు నుంచి నాకు ఒక విషయం బాగా బుర్రకెక్కింది. జిప్ ఫైల్ చూడ్డానికి ఫోల్డర్‌లా ఉంటుంది కానీ ఫోల్డర్ కాదు, ఫైళ్లను కుదించి కట్టేసిన మూట. లోపలి ఫైల్ మీద క్లిక్ చేస్తే సాఫ్ట్‌వేర్ దాని నకలు ఒకటి టెంపరరీ ఫోల్డర్‌లో పెట్టి, ఆ నకలునే మనకు చూపిస్తుంది. 7-జిప్ కూడా అంతే చేస్తుంది. కాకపోతే దాని కిటికీలో నుంచి తెరిచిన ఫైల్‌ను మార్చి మూసేస్తే, ఈ ఫైల్ మారింది, మూటలో కూడా మార్చమంటారా అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న కోసమే నేను దీనికి మారాను. అయినా ఇప్పటికీ ముందు బయటికి తీసి, తర్వాతే పని మొదలుపెడతాను. మీరూ అలాగే చేయండి.

ఇగోర్ పావ్లోవ్ అనే ప్రోగ్రామర్ 1999లో 7-జిప్‌ను మొదట విడుదల చేశారు. ఇంట్లో వాడినా, ఆఫీసులో వాడినా డబ్బు కట్టక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అడగదు. జిప్, రార్, టార్, జీజిప్, క్యాబ్, ఐఎస్ఓ లాంటి రకరకాల మూటలు తెరుస్తుంది. రార్ ఫైల్‌ను విప్పుతుంది కానీ తయారు చేయలేదు. ఆ హక్కు రార్ తయారుచేసినవాళ్ల దగ్గరే ఉంది. నాకైతే ఇన్నేళ్లలో రార్ తయారు చేయాల్సిన అవసరమే రాలేదు.

రోజూ వాడేది రైట్ క్లిక్ మెనూ. అందులో ‘ఎక్స్‌ట్రాక్ట్ హియర్’, ‘ఎక్స్‌ట్రాక్ట్ టు’ అని రెండు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది నొక్కితే లోపలున్నవన్నీ ఉన్నచోటే గుమ్మరిస్తుంది. డెస్క్‌టాప్ మీద అది నొక్కి, మూడు వందల పైచిలుకు ఫొటోలు నా పాత ఫైళ్లలో కలిసిపోతే, ఏది ఎక్కడిదో ఏరుకోవడానికి ఒక పూట పట్టింది. రెండోది మూట పేరుతోనే కొత్త ఫోల్డర్ చేసి అందులో పెడుతుంది. కళ్లు మూసుకుని రెండోదే నొక్కండి. ఫోల్డర్‌లో మళ్లీ అదే పేరుతో ఇంకో ఫోల్డర్ వస్తోందని విసుగొస్తే, దానికి సెట్టింగ్స్‌లో ఒక టిక్కు ఉంది, పెట్టుకుంటే ఆ రెండోది రాదు.

దీన్ని నేను నిజంగా నమ్మేది ఫైల్ పాడైనప్పుడు. మూట కట్టేటప్పుడే ప్రతి ఫైల్‌కూ సీఆర్‌సీ అనే ఒక లెక్క రాసి పెడతారు. విప్పేటప్పుడు ఆ లెక్క మళ్లీ వేసి, తేడా వస్తే ‘సీఆర్‌సీ ఫెయిల్డ్’ అని ఏ ఫైల్ దగ్గర తేడా వచ్చిందో పేరుతో సహా చూపిస్తుంది. ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ డేటా’ అని వస్తే చాలాసార్లు డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోయిందని అర్థం, మళ్లీ దింపుకుంటే సరిపోతుంది. ఒక పెళ్లి ఫొటోల మూట నాకిలాగే సగంలో తెగి వచ్చింది. ఏవి బాగున్నాయో, ఏది పాడైందో చూసుకుని, టెన్షన్ పడకుండా పంపినవాళ్లను మళ్లీ అడగగలిగాను. రైట్ క్లిక్ మెనూలోనే ‘టెస్ట్ ఆర్కైవ్’ అని ఉంటుంది. విప్పకుండానే మూట బాగుందో లేదో చెబుతుంది. అసలు ఫైళ్లు డిలీట్ చేసే ముందు ఆ టెస్ట్ తప్పనిసరిగా చేస్తాను.

‘.001’, ‘.002’ అని ముక్కలుగా వచ్చే ఫైళ్ల విషయంలో చాలామంది తడబడతారు. అన్ని ముక్కలూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, మొదటి దాన్ని మాత్రం విప్పాలి. మిగతావి అదే వెతుక్కుంటుంది. ఒక్క ముక్క తగ్గినా పని పూర్తికాదు. పెన్‌డ్రైవ్‌లోకి విప్పుతుంటే మధ్యలో ఆగిపోయిందంటే, ఆ పెన్‌డ్రైవ్ ఏ పద్ధతిలో ఫార్మాట్ అయిందో ముందు చూడండి. ఫ్యాట్32 అయితే 4 జీబీకి మించిన ఒక్క ఫైల్ కూడా అందులో పట్టదు, ఎంత ఖాళీ ఉన్నా సరే.

ఇక తెలుగు పేర్ల సంగతి. జిప్ పద్ధతి 1989 నాటిది. అప్పట్లో ఫైల్ పేర్లంటే ఇంగ్లీషు అక్షరాలే అనుకున్నారు. అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే యూనికోడ్ పద్ధతిని తర్వాత చేర్చారు. అందుకే కొన్ని పాత సాఫ్ట్‌వేర్‌లతో కట్టిన జిప్‌ను విప్పితే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగానో, పిచ్చి గుర్తులుగానో వస్తాయి. లోపలి విషయం మాత్రం చెక్కుచెదరదు, పేరొక్కటే పోతుంది. 7-జిప్ సొంత పద్ధతి 7జడ్‌లో పేర్లు మొదటి నుంచీ యూనికోడ్‌లోనే ఉంటాయి. నా తెలుగు ఫైళ్లన్నీ అందుకే అందులో దాస్తాను.

మనకే ఎక్కువగా ఎదురయ్యే ఇంకో చిక్కుంది. విండోస్‌లో చాలా ప్రోగ్రాములు ఫైల్ ఉన్న దారి, అంటే డ్రైవ్, ఫోల్డర్లు, ఫైల్ పేర్లన్నీ కలిపి, 260 అక్షరాలు దాటితే ఒప్పుకోవు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్ లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం కలిపి ఆరు. అలాంటి పేర్లతో ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే హద్దు ఇట్టే దాటేస్తాం. అలాంటప్పుడు సీ డ్రైవ్‌లో నేరుగా రెండక్షరాల పేరుతో ఒక ఫోల్డర్ పెట్టి అందులో విప్పండి.

పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు జాగ్రత్త. జిప్ ఎంచుకుంటే మామూలుగా వచ్చే పాత తాళం, జిప్‌క్రిప్టో, బలహీనమైనది. దాన్ని ఏఈఎస్-256 అనే గట్టి తాళానికి మార్చాలి. అలా మార్చినా జిప్‌లో ఫైళ్ల పేర్లు అందరికీ కనిపిస్తూనే ఉంటాయి. పేర్లు కూడా దాచాలంటే 7జడ్ ఎంచుకుని, పేర్లను దాచే టిక్కు పెట్టాలి. నేను ఆస్తి కాగితాలు, మెడికల్ రిపోర్టులు ఇలాగే పెడతాను, ఎందుకంటే కొన్నిసార్లు ఫైల్ పేరే అసలు విషయం చెప్పేస్తుంది. పాస్‌వర్డ్ మరిచిపోతే మాత్రం ఎవరూ తీసివ్వలేరు.

ఒక చిన్న ఉపాయం నాకు ఎన్నోసార్లు పనికొచ్చింది. వర్డ్ డాక్స్ (.docx) ఫైల్ కూడా నిజానికి జిప్ మూటే. దాని మీద రైట్ క్లిక్ చేసి 7-జిప్‌తో తెరిస్తే ‘వర్డ్’ అనే ఫోల్డర్, దానిలో ‘మీడియా’ ఫోల్డర్ కనిపిస్తాయి. డాక్యుమెంట్‌లో అతికించిన బొమ్మలన్నీ అక్కడే ఉంటాయి. ఒక్కొక్కటి కాపీ చేసుకోకుండా అన్నీ ఒకేసారి లాగేసుకోవచ్చు.

లోపాలూ ఉన్నాయి. చూడ్డానికి పాతకాలంగా ఉంటుంది, అది నన్ను పెద్దగా బాధించలేదు. విండోస్ 11లో ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కితే గానీ దీని మెనూ రాదు. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే నేరుగా వస్తుంది. 7జడ్‌లో చాలా ఫైళ్లను కలిపి కుదిస్తే సైజు బాగా తగ్గుతుంది కానీ, పెద్ద మూటలో చివరెక్కడో ఉన్న ఒక్క ఫైల్ కావాలంటే దాని ముందున్నవన్నీ లోలోపల విప్పుకుంటూ వెళ్లాలి, ఆలస్యమవుతుంది. పాడైన మూటను బాగుచేసుకోవడానికి రార్‌లో రికవరీ రికార్డు అనే ఏర్పాటుంది, 7జడ్‌లో లేదు. అందుకని ముఖ్యమైనవి రెండు చోట్ల దాస్తాను.

అన్నిటికంటే పెద్ద లోపం, తనంతట తాను అప్‌డేట్ కాదు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైల్‌కు విండోస్ ఒక గుర్తు వేస్తుంది. ఆ గుర్తు ఉంటేనే తెరిచేటప్పుడు హెచ్చరిస్తుంది. 7-జిప్‌లో ఒక లొసుగు వల్ల, మూటలో మూట పెట్టి పంపితే లోపలి ఫైళ్లకు ఆ గుర్తు రాకుండా పోయేది. 2024 నవంబరులో వచ్చిన 24.09 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. అంతకు ముందుది వాడుతుంటే ఈరోజే మార్చండి. ‘హెల్ప్’ మెనూలో ‘అబౌట్’ నొక్కితే మీ వెర్షన్ కనిపిస్తుంది. దింపుకునేది దాని సొంత సైట్ నుంచే అయి ఉండాలి, అదే పేరుతో నకిలీ సైట్లు కూడా తిరుగుతుంటాయి.

2023 నుంచి విండోస్ 11 తనంతట తానే రార్, 7జడ్ ఫైళ్లు తెరుస్తోంది కదా, ఇంకా ఇదెందుకు అని అడిగేవాళ్లున్నారు. ఎప్పుడో ఒకసారి ఒక జిప్ విప్పేవాళ్లకు అది చాలు. నాలా పాత బ్యాకప్‌లు, ముక్కల ఫైళ్లు, తాళం వేసిన మూటలతో రోజూ పని ఉంటే ఇది వేసుకోండి. కొత్త కంప్యూటర్ కొనగానే నేను మొదట వేసేది ఇదే. వేసిన వెంటనే పాత బ్యాకప్ ఒకటి తీసి టెస్ట్ చేస్తాను, ఏ తేడా లేదని వచ్చాకే మిగతా పని మొదలుపెడతాను.