ఉద్యోగానికి హైదరాబాద్‌లో పెద్ద పీఆర్ (ప్రజా సంబంధాల) ఏజెన్సీయా, రాజమండ్రిలో చిన్నాఫీసా?

ఖర్చు: హైదరాబాద్‌లో జీతం ఎక్కువే. హాస్టలు, మెట్రో, పండక్కి గౌతమి ఎక్స్‌ప్రెస్ టికెట్టు తీసేస్తే మిగిలేది కాస్తే. రాజమండ్రిలో జీతం తక్కువ, సొంతిల్లుంటే అద్దె బాధ లేదు.

పని: పెద్దచోట పొద్దున్నే పేపర్లలో వచ్చిన క్లయింటు వార్తల క్లిప్పింగులు పంపాలి, ప్రతి గంటనూ టైమ్‌షీట్‌లో ఏదో క్లయింటు ఖాతాలో రాయాలి. ఒక్క ప్రెస్‌నోటు నాలుగు చేతులు మారి, ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’ అయ్యేసరికి సాయంత్రం దాటుతుంది. అప్పటికి జిల్లా పేజీలు నిండిపోతాయి. తిట్లు మాత్రం జూనియర్‌కే. చిన్నచోట నోటు మీరే రాస్తారు, విలేకరికి మీరే ఫోన్ చేస్తారు, కుర్చీలూ మీరే వేయిస్తారు.

రిస్కు: అక్కడ క్లయింటు పోతే టీమ్‌కి ఎసరు. ఇక్కడ క్లయింటు బిల్లు ఆపితే జీతమే ఆగుతుంది.

పద్ధతులు నేర్చుకోవాల్సిన ఫ్రెషర్‌కి హైదరాబాదే నయం. మనిషికి ఎన్ని క్లయింట్లు, ఆదివారం ఈవెంటుకు కంపాఫ్ (బదులు సెలవు) ఉందా అని ముందే అడగండి. విలేకర్లతో పరిచయాలుండి, 2027 గోదావరి పుష్కరాల పనులు పట్టాలనుకుంటే రాజమండ్రి.